గడ్డ కరిగింది సరే, ముక్క పరీక్ష చేశారా?

ద్వారక నుంచి నజఫ్‌గఢ్ వైపు వెళ్ళే రోడ్డు పక్క గోడలు చదువుకుంటూ పోతే ఒక వైద్య విజ్ఞాన సర్వస్వం తయారవుతుంది. మొలలు, భగందరం, సంతానలేమి, మగతనం. వీటి మధ్యలో ‘గాంఠ్, రసౌలీ, బినా ఆపరేషన్’ అని ఒక వరస. గాంఠ్ అంటే గడ్డ, రసౌలీ అంటే కణితి. కత్తి పెట్టకుండా కరిగిస్తామని అర్థం. కింద ఫోను నెంబరు. తెలుగునాట గోడల మీద కూడా ఇదే సాహిత్యం, భాష ఒక్కటే వేరు.

ఇటువంటి ప్రకటనల్ని ఆపడానికి మన దేశంలో 1954 నుంచి డ్రగ్స్ అండ్ మాజిక్ రెమెడీస్ చట్టం వుంది. ఫలానా రోగాలు నయం చేస్తామని ప్రచారం చేసుకోకూడదని ఆ చట్టం ఒక జాబితా ఇచ్చింది. అందులో కేన్సర్ కూడా వుంది. చట్టం వచ్చి ఏడు దశాబ్దాలు దాటింది. గోడకి సున్నం కొట్టినప్పుడు తప్ప ఆ రాతలు పోయిన దాఖలా నేను చూడలేదు.

అయితే నేను గోడల మీద ఫిర్యాదు రాయబోవడం లేదు. ఈ వైద్యులకి పేషెంట్లు ఎందుకు దొరుకుతున్నారు, అందులో ద్వారక సొసైటీ ఫ్లాట్లలో వుండే ఇంజనీర్లు, కేంద్ర ప్రభుత్వ ఆఫీసర్లు ఎందుకు వున్నారు అన్నది నా ప్రశ్న. అజ్ఞానం అని ఒక్క ముక్కలో తేల్చేయడం మన హేతువాదులకి అలవాటు. నాకు ఆ సమాధానం చాలదు. ఎందుకంటే ఈ వైద్యుల దగ్గరికి గడ్డతో వెళ్ళినవాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మందికి నిజంగానే ఏమీ కాదు. చిక్కంతా అక్కడే వుంది.

చర్మం కింద చేతికి తగిలే గడ్డల్లో అత్యధిక భాగం ఉత్త కొవ్వు గడ్డలు. లైపోమా అంటారు. ఏళ్ళ తరబడి అలాగే వుంటాయి, ప్రాణానికి వచ్చే ముప్పు లేదు. మణికట్టు మీద వచ్చే నీటి గడ్డలు కొన్ని వాటంతట అవే తగ్గిపోతాయి. దెబ్బ తగిలి రక్తం గూడుకట్టిన గడ్డ కొన్ని వారాల్లో కరుగుతుంది. చీము గడ్డ పగిలి పోతుంది. మృదు కణజాలంలో వచ్చే గడ్డల్లో ప్రమాదం లేనివి వందకు పైగా వుంటే, కేన్సర్ గడ్డ ఒకటి వుంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఇప్పుడు మీరే లెక్క వేయండి. గడ్డ మీద పసుపు పట్టు వేసినా, నూనె రాసినా, విభూతి పూసినా, ఏమీ చేయకుండా టీవీ చూస్తూ కూర్చున్నా తొంభై తొమ్మిది మంది క్షేమంగానే వుంటారు. ఇంత విజయశాతం ఏ పెద్దాసుపత్రికీ లేదు. ఎవరైనా వైద్యుడు ‘నా చేతి మీదుగా వేలమందికి గడ్డలు నయమయ్యాయి’ అంటే అబద్ధమాడుతున్నాడని నేను అనను. అతను పూర్తిగా నమ్మి చెబుతూ వుండవచ్చు. ఆ వేల గడ్డల్లో కేన్సర్ ఎన్నిటిలో వుందో అతనికి తెలియదు. పరీక్ష చేయించలేదు కదా. కేన్సర్ వున్న ఆ ఒక్కడూ ఆరు నెలల తరవాత ఇతని దగ్గరికి రావడం మానేస్తాడు. పెద్దాసుపత్రిలో చనిపోతాడు. ఆ చావు పెద్దాసుపత్రి ఖాతాలో పడుతుంది.

నూరు మందిలో ఒకడు లెక్కలోంచి తప్పిపోవడం ఒక రకమైతే, చేసిన వైద్యమే లెక్కలోంచి తప్పిపోవడం ఇంకో రకం. 2024 నవంబరులో నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య కేన్సర్ తగ్గడానికి నిమ్మరసం, పచ్చి పసుపు, వేపాకు, ఉపవాసం వంటి ఆహార నియమాలు కారణమని చెప్పారు. ఆమెకు ఆపరేషన్ జరిగింది, కీమో జరిగింది, రేడియేషన్ జరిగింది. పేపర్లలో మాత్రం నిమ్మకాయ మిగిలింది. టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన ఇప్పటి, పూర్వపు కేన్సర్ డాక్టర్లు 262 మంది సంతకాలు పెట్టి, ఇలాంటి మాటలు నమ్మి చికిత్స ఆపవద్దని ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. ఆమెది రొమ్ము కేన్సర్. దాని గురించి కనీసం జనానికి కొంత తెలుసు. నేను చెప్పబోయే కేన్సర్ల పేరు కూడా చాలామంది విని వుండరు.

వాటిని సార్కోమాలు అంటారు. తొమ్మిదో తరగతి జీవశాస్త్రం గుర్తు తెచ్చుకోండి. శరీరంలో కణజాలాలు నాలుగు రకాలు: ఉపకళా, సంయోజక, కండర, నాడీ. మనం రోజూ వినే కేన్సర్లు - నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తి, పేగు - దాదాపు అన్నీ ఉపకళా కణజాలంలో, అంటే లోపలా బయటా పొరలాగా పరుచుకున్న కణాల్లో పుడతాయి. శరీరాన్ని నిలబెట్టి కలిపి వుంచే సరంజామా వేరే వుంది. కొవ్వు, కండర, నార, రక్తనాళాల గోడలు, నరాల తొడుగులు, ఎముక, మృదులాస్థి. వీటిలో పుట్టేవి సార్కోమాలు. గ్రీకులో సార్క్స్ అంటే మాంసం. పెద్దవాళ్ళ కేన్సర్లలో ఇవి నూటికి ఒకటి. చిన్నపిల్లల కేన్సర్లలో మాత్రం వీటి వాటా పదో వంతు దాటుతుంది. పేరు ఒకటే అయినా ఇది ఒక జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో వీటి రకాలు డెబ్భైకి పైగా వున్నాయి. కొవ్వులో పుడితే లైపోసార్కోమా, ఎముకలో పుడితే ఆస్టియోసార్కోమా, ఇలా. ఒకదానికి పనిచేసిన మందు పక్కదానికి పనిచేయదు.

మన పెద్దవాళ్ళు కేన్సర్‌ని రాచపుండు అనేవాళ్ళు. ఆ మాట ఇంకా మన ఆలోచనల్ని ఏలుతోందని నా అనుమానం. పుండు అంటే పైకి కనబడాలి, రసి కారాలి, నొప్పి పెట్టాలి. సార్కోమా అలా వుండదు. చాలాసార్లు నొప్పి వుండదు. చర్మం మామూలుగా వుంటుంది. జ్వరం లేదు, ఆకలి తగ్గదు, మనిషి దుక్కలా వుంటాడు. తొడలో లోతుగా ఒక గడ్డ మెల్లగా పెరుగుతూ వుంటుంది, అంతే. ‘నొప్పి లేదు కదా, కేన్సర్ అయితే ఇలా వుంటాడా’ అని ఇంట్లో అందరూ ధైర్యం చెబుతారు. నొప్పి లేకపోవడం ధైర్యం చెప్పాల్సిన సంగతి కాదు. డాక్టర్లు చూసే గుర్తులు వేరు: అయిదు సెంటీమీటర్లు, అంటే బాగా ఎదిగిన నిమ్మకాయంత, దాటిందా, పెరుగుతోందా, పై కొవ్వులో కాక లోపల కండరం పొర కింద వుందా, ఒకసారి తీసేశాక మళ్ళీ వచ్చిందా. నొప్పి వున్నా లేకపోయినా వీటిలో ఏది వున్నా పరీక్ష చేయించాలి.

ఇక్కడ మన ప్రాచీనుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. సుశ్రుత సంహితలో గ్రంథి, అర్బుదం అని గడ్డల వర్ణన వుంది. మాంసార్బుదం గురించి సుశ్రుతుడు చెప్పింది చదివితే ఆశ్చర్యం వేస్తుంది. నొప్పి లేనిది, రాయిలా గట్టిగా వుండేది, కదలనిది, చీము పట్టనిది అంటాడు. చూసి రాసినవాడి మాటలు ఇవి. అంతే నిజాయితీగా అది అసాధ్యం, నయం కాదు అని కూడా రాశాడు. ఇప్పుడు సుశ్రుతుడి బొమ్మ పెట్టుకుని ఆపరేషన్ లేకుండా కణితి కరిగిస్తామనే వాళ్ళు సుశ్రుతుడిని తెరిచి చూసి వుండరు. ఆయన తన కాలానికి పరిశీలకుడు. వీళ్ళు ఈ కాలానికి కూడా కాదు.

అదే సుశ్రుతుడు కారణం చెప్పేచోట, పిడికిలి దెబ్బలాంటిది తగిలి మాంసం చెడడం వల్ల వస్తుందన్నాడు. ఈ నమ్మకం ఇప్పటికీ మన ఇళ్ళల్లో వుంది. ‘క్రికెట్ ఆడుతూ పడ్డాడు, అక్కడే గడ్డ లేచింది’ అంటారు. జరిగేది ఏమిటంటే, దెబ్బ తగిలినచోట మనం తడిమి చూసుకుంటాం. అప్పటికే అక్కడ వున్న గడ్డ అప్పుడు చేతికి తగులుతుంది. దెబ్బ గడ్డని పుట్టించలేదు, చూపించింది. కాకి వాలింది, తాటిపండు పడింది. పదిహేనేళ్ళ కుర్రాడి మోకాలి నొప్పిని ఆటలో దెబ్బ అనుకుని నెలల తరబడి కట్లు కట్టిస్తూ పోవడానికి ఈ కాకతాళీయమే కారణం. ఆస్టియోసార్కోమా ఎక్కువగా వచ్చేది ఆ వయసులోనే, ఆ మోకాలి దగ్గరే.

మరి ఎందుకు వస్తుంది? కర్మ అనేవాళ్ళు వున్నారు, వాళ్ళని వదిలేయండి. మనలో కూడా కొందరికి తక్షణ కారణం కావాలి. పురుగుమందులు, ప్లాస్టిక్ డబ్బాలు, మొబైల్ టవర్, ఏదో ఒకటి. సార్కోమాల విషయంలో తెలిసిన కారణాలు కొన్నే. గతంలో ఇచ్చిన రేడియేషన్, వంశపారంపర్యంగా వచ్చే కొన్ని జన్యులోపాలు, కొన్ని వైరస్‌లు, వినైల్ క్లోరైడ్ వంటి పరిశ్రమ రసాయనాలు. కానీ ఎక్కువమందిలో ఇవేవీ వుండవు. ఎవింగ్ సార్కోమాని తీసుకోండి. అత్యధిక కేసుల్లో 11వ క్రోమోజోము, 22వ క్రోమోజోము తెగి, ముక్కలు తారుమారుగా అతుక్కుంటాయి. ఒకే ఒక్క కణంలో జరిగిన ప్రమాదం. ఆ పిల్లవాడు ఏమీ తప్పు తినలేదు. వాళ్ళ అమ్మ గ్రహణం నాడు కూరగాయలు తరగలేదు. కోట్లాది కణాలు విభజన చెందుతూ వుంటే ఎక్కడో ఒకచోట అచ్చుతప్పు పడుతుంది. ‘నాకే ఎందుకు’ అన్న ప్రశ్నకి ఇది ఓదార్పు ఇవ్వదని నాకు తెలుసు. కానీ ఎవరినీ దోషిగా నిలబెట్టదు. కేన్సర్ పిల్లల తల్లుల మీద చుట్టాలు వేసే నిందలు విన్నవాళ్ళకి దాని విలువ తెలుస్తుంది.

కేన్సర్ బయటినుంచి దూరిన దెయ్యం కాదు, మన జన్యువుల్లోనే దాని మూలం వుందన్న జ్ఞానం మనకి ఒక సార్కోమా నుంచే వచ్చింది. అదీ కోడి సార్కోమా. 1909లో న్యూయార్కులో పేటన్ రౌస్ దగ్గరికి రొమ్ము మీద గడ్డ వున్న ఒక పెట్ట వచ్చింది. ఆ గడ్డ రసాన్ని కణాలు పోనివ్వని వడపోత గుండా వడకట్టి వేరే కోళ్ళకి ఎక్కిస్తే వాటికీ సార్కోమా వచ్చింది. 1911లో అచ్చువేశాడు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1966లో, 87 ఏళ్ళ వయసులో, నోబెల్ బహుమతి ఇచ్చారు. తరవాత 1976లో బిషప్, వార్మస్ బృందం చూపించింది మరీ విచిత్రం. ఆ వైరస్‌లో కేన్సర్ పుట్టించే జన్యువు మామూలు కోడి కణాల్లోనే వుంది, వైరస్ దాన్ని అక్కడినుంచే ఎత్తుకుపోయింది. 1989లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. ఒక నిజం నిలబడడానికి ఎనభై ఏళ్ళు, వందల కోళ్ళు, పదేపదే పరీక్షలు పట్టాయి. గోడ మీద వైద్యుడికి ఒక సున్నం డబ్బా చాలు.

ఇప్పుడు మా ద్వారక సంగతి. మా సొసైటీలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకాయన వున్నారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, బాబాల జోలికి పోని మనిషి. తొడ వెనక నిమ్మకాయంత గడ్డ. ఎవరో చెప్పగా మూడు నెలలు ఏదో నూనె రాశారు. అది బత్తాయంత అయింది. అప్పుడు మా ఏరియాలోనే ఒక నర్సింగ్ హోంకి వెళ్ళారు. స్కాన్ లేదు, బయాప్సీ లేదు. కొవ్వు గడ్డ అని అరగంటలో తీసేసి కుట్లు వేశారు. తీసిన ముక్కని పాథాలజీకి పంపలేదు, చెత్తలో పోయింది. ఎనిమిది నెలలకి కుట్ల పక్కనే మళ్ళీ లేచింది. అప్పుడు కేన్సర్ ఆసుపత్రిలో బయాప్సీ చెయ్యాలన్నారు. ఆయన భార్య నన్ను మెట్ల దగ్గర ఆపి అడిగారు. ‘అన్నయ్యగారూ, సూది పెడితే లోపల వున్నది రేగిపోతుందటండీ. మా అత్తయ్యగారు ఊర్నించి ఫోన్ చేసి వద్దంటే వద్దంటున్నారు. మీరేమంటారు?’

నన్ను అడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికంటే ప్రమాదకరమైన మూఢనమ్మకం ఇదే. నూనె వైద్యం కాదు. నూనె వైద్యుడు మూడు నెలలు తింటాడు. సూది భయం మనిషిని పరీక్షకే రానివ్వదు. పైగా దీనికి దేవుడితో, బాబాతో పని లేదు. ఎమ్మెస్సీలు, బీటెక్కులు చదివినవాళ్ళు వైద్య పరిభాషలో చెబుతారు. ఎలా పుట్టి వుంటుందో ఊహించడం కష్టం కాదు. మన దగ్గర ఆలస్యం అయ్యాకే బయాప్సీ దాకా వస్తారు. అప్పటికే ముదిరిన జబ్బు తరవాత ఇంకా ముదురుతుంది. సూది పెట్టారు, ముదిరింది. మళ్ళీ కాకీ తాటిపండూ.

ఇందులో ఆవగింజంత నిజం వుంది, దాచకూడదు. సార్కోమాలో సూది వెళ్ళిన దారిలో కణాలు చేరడం చాలా అరుదుగా జరుగుతుంది. డాక్టర్లకి ఈ సంగతి తెలుసు. అందుకే బయాప్సీ ఎక్కడ పొడవాలో ఆపరేషన్ చేయబోయే సర్జన్‌తో మాట్లాడి నిర్ణయిస్తారు, అవసరమైతే ఆ సూది దారిని కూడా గడ్డతో కలిపి తీసేస్తారు. దీనికి ముందే ఎం.ఆర్.ఐ. తీస్తారు. సార్కోమా రక్తం వెంట ఎక్కువగా ఊపిరితిత్తులకి పోతుంది కాబట్టి ఛాతీకి సి.టి. స్కాన్ తీస్తారు. సూది పెట్టినందువల్ల వచ్చే ప్రమాదం అణువంత. పేరు తెలియకుండా కత్తి పెట్టినందువల్ల వచ్చే ప్రమాదం కొండంత. అరగంట ఆపరేషన్ గడ్డని తొక్కతో సహా తియ్యలేదు, చుట్టూ కణాల్ని వెదజల్లింది. ఇంగ్లీషు డాక్టర్లు ఈ రకం ఆపరేషన్లని ‘వూప్స్ సర్జరీ’ అంటారు, అయ్యో సర్జరీ అనుకోండి. అంటే ఇది మన దేశానికే పరిమితమైన తెగులు కాదు. ఆధునిక వైద్యుడు, తెల్లకోటు, ఏసీ ఆపరేషన్ థియేటర్, రసీదు అన్నీ వుండి కూడా పరీక్ష లేకపోతే, నూనె వైద్యుడికీ ఇతనికీ తేడా కత్తి ఒక్కటే. మనం ఒకరిని ఎండగట్టి రెండోవాడిని వదిలేస్తున్నాం.

ఆవిడకి ఇదే చెప్పాను. బయాప్సీ జరిగింది. లైపోసార్కోమా. మొదటిసారి జరగవలసిన దానికంటే పెద్ద ఆపరేషన్ జరిగింది, తరవాత రేడియేషన్. ఆయన ఇప్పుడు కొంచెం కుంటుతూ పార్కులో నడుస్తున్నారు.

సూది భయం వెనక ఇంకో భయం వుంటుంది. కాలు తీసేస్తారని. ఒకప్పుడు అది నిజం. చెయ్యి మీదో కాలి మీదో సార్కోమా అంటే మొదలంటా నరకడమే చికిత్స. మార్చింది ఒక పరీక్ష. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో రోజెన్‌బర్గ్ బృందం 43 మంది పేషెంట్లని యాదృచ్ఛికంగా విభజించింది. 16 మందికి అవయవం తొలగించారు. 27 మందికి గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చారు. అందరికీ కీమో ఇచ్చారు. 1982లో ఫలితాలు వచ్చాయి. కాలు నిలుపుకున్నవారిలో నలుగురికి గడ్డ అదే చోట మళ్ళీ వచ్చింది, కానీ బ్రతికి వుండడంలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అప్పటిదాకా కాళ్ళు నరికిన సర్జన్లు దుర్మార్గులు కారు. వాళ్ళది అనుభవం, నమ్మకం. ఆ రెండూ చాలలేదు.

ఎముక కేన్సర్ కథలో మన తెలుగువాడు వున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922లో అమెరికా వెళ్ళినవాడు. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, దానికి విరుగుడు పదార్థాలనీ తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. 1948లో ఆయన పోయాడు. 1970ల మొదట్లో ఆ మందునే భారీ మోతాదులో ఇచ్చి, వెంటనే ఫోలిక్ ఆమ్లం జాతి మందుతో శరీరాన్ని కాపాడుతూ, ఆస్టియోసార్కోమా మీద ప్రయోగించారు. ఫలితాలు బాగున్నాయన్నారు. అయితే అప్పుడు కొందరు డాక్టర్లు హేతువాదులు అడగవలసిన ప్రశ్నే అడిగారు: బాగుపడడం మందు వల్లనా, లేక ఈ కాలంలో జబ్బు తీరే మారిందా, ఆపరేషన్లే మెరుగుపడ్డాయా? తేల్చడానికి మళ్ళీ యాదృచ్ఛిక పరీక్ష. 1986లో లింక్ బృందం ఫలితాలు ప్రచురించింది. ఆపరేషన్ తరవాత కీమో లేనివారిలో రెండేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా వున్నవారు 17 శాతం. మెథోట్రెక్సేట్ వగైరా కీమో ఇచ్చినవారిలో 66 శాతం. పరీక్షలో వున్నది 36 మంది మాత్రమే. తేడా అంత వుంటే అంతమంది చాలు. సుబ్బారావుగారి పేరు మీద మనం సభలు జరుపుకుంటాం, దండలు వేస్తాం. ఆయన మందు నిజంగా పనిచేస్తుందా అని అనుమానించి తేల్చినవాళ్ళని కూడా ఆ సభల్లో తలచుకుంటే బాగుంటుంది.

ముక్క పరీక్ష ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి జిస్ట్ అనే కణితి చాలు. జీర్ణాశయం, పేగుల గోడల్లో పుట్టే సార్కోమా జాతి గడ్డ ఇది. చాలాకాలం మామూలు కండరపు సార్కోమా అనుకుని కీమో ఇచ్చేవారు, దాదాపు ఏమీ పనిచేసేది కాదు. 1998లో జపానులో హిరోటా బృందం ఈ గడ్డల్లో కిట్ అనే జన్యువు చెడి వుందని కనిపెట్టింది. రక్త కేన్సర్ కోసం చేసిన ఇమాటినిబ్ అనే మాత్ర ఆ కిట్ మీద కూడా పనిచేస్తుందని తెలిసి, 2000లో ఫిన్లాండులో ఒక పేషెంటుకి ఇచ్చారు. గడ్డలు కుంచించుకుపోయాయి. పాకిపోయిన జిస్ట్‌తో ఏడాదిన్నర బ్రతకడమే గగనమైనచోట అయిదేళ్ళ దాకా బ్రతకడం మామూలైంది. ఆపరేషన్ లేకుండా గడ్డ కరిగించే మందు నిజంగానే వుందన్నమాట! కానీ ముందు ముక్క తీసి, అది జిస్ట్ అని తేల్చి, ఏ జన్యువు చెడిందో చూసి ఇవ్వాలి.

ఆ మాత్ర నొవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మితే నెలకి లక్షా ఇరవై వేల రూపాయలు. హైదరాబాదు నాట్కో కంపెనీ 2003లో వీనాట్ పేరుతో తెచ్చింది. దేశీ కంపెనీల మాత్రలు నెలకి ఎనిమిది, పదివేలలో దొరికాయి. నొవార్టిస్ పేటెంటు అడిగింది. 2006లో చెన్నై పేటెంటు ఆఫీసు తిరస్కరించింది. కేసు చివరికి ఢిల్లీ చేరింది. తెలిసిన మందుకి రూపం కాస్త మార్చినంత మాత్రాన, వైద్యపరంగా మెరుగైన ఫలితం చూపకపోతే, పేటెంటు లేదు అన్న 3(డి) సెక్షన్ కింద సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నొవార్టిస్ అప్పీలు కొట్టేసింది. నాకు ఈ తీర్పులో నచ్చేది దేశభక్తి కాదు. కొత్త రూపం బాగా పనిచేస్తుందన్నావు, రుజువు ఏదీ అని ఒక బహుళజాతి కంపెనీని అడిగారు. అదే ప్రశ్న నజఫ్‌గఢ్ గోడని కూడా అడగాలి. అల్లోపతిని సమర్థించడమంటే మందుల కంపెనీలకి వకాల్తా పుచ్చుకోవడమని మన మీద నింద వేసేవాళ్ళకి ఈ కేసు చెప్పండి.

ఇంత చెప్పాక కూడా ఒక సంగతి మిగులుతుంది. జనం గోడ వైద్యుడి దగ్గరికి పోవడానికి నమ్మకం ఒక్కటే కారణం కాదు. అతను ఈ సాయంత్రమే చూస్తాడు. చెయ్యి పట్టుకుని మాట్లాడతాడు. ద్వారకలో వున్నవాళ్ళకి మెట్రో ఎక్కితే ఎయిమ్స్ వుంది. నజఫ్‌గఢ్ దాటి హర్యానాలోకి పోతే ఝజ్జర్ జిల్లా బాడ్సాలో 2019లో ప్రారంభమైన ఎయిమ్స్ వారి జాతీయ కేన్సర్ సంస్థ వుంది. దేశంలో చాలా జిల్లాలతో పోలిస్తే మనం అదృష్టవంతులం. అయినా పెద్దాసుపత్రి వరండాల్లో దుప్పటి పరుచుకుని తమ వంతు కోసం కాచుకున్న కుటుంబాల్ని చూసినవాడు, నూనె కొన్న మనిషిని వెర్రివాడనడానికి కొంచెం తటపటాయిస్తాడు. పాకక ముందు పట్టుకుంటే మృదు కణజాల సార్కోమాలో అయిదేళ్ళు బ్రతికేవారు అమెరికా లెక్కల్లో నూటికి ఎనభై దాకా వున్నారు. దూరానికి పాకాక పట్టుకుంటే ఇరవై కూడా లేరు. మధ్యలో వున్న నెలలు కొన్ని నూనెకి పోతున్నాయి, కొన్ని సూది భయానికి, కొన్ని క్యూకి. మొదటి రెండింటి మీద మనం కరపత్రాలు వేయగలం. మూడోదాని మీద కూడా అర్జీలు పెట్టాలి. మన సంఘాలు అది తమ పని కాదనుకోవడం నాకు నచ్చదు.

కరపత్రం వేసేటప్పుడు ఒక విషయం తప్పకుండా చేర్చమని మిత్రులని కోరుతున్నాను. శరీరంలోంచి ఏ గడ్డ తీసినా, ఎంత చిన్నదైనా, దాన్ని పాథాలజీకి పంపమని ఆపరేషన్‌కి ముందే అడగాలి. అక్కడ ఆ ముక్కని మైనంలో పోతపోసి చిన్న దిమ్మగా చేస్తారు, పల్చటి పొరలు కోసి గాజు పలకల మీద చూస్తారు. ఆ దిమ్మలు ఏళ్ళ తరబడి చెడిపోవు. సార్కోమాల్లో రకాలు ఎక్కువ, రోజూ చూసేవాళ్ళు తక్కువ. కాబట్టి ఒకచోట ఇచ్చిన రిపోర్టు ఇంకోచోట మారడం అరుదు కాదు. దిమ్మలు, పలకలు అడిగి తీసుకుని, సార్కోమాలు ఎక్కువగా చూసే పెద్ద కేన్సర్ ఆసుపత్రిలో మరోసారి చూపించుకోవచ్చు. రసీదు మీద సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఇవ్వడానికి కుదరదంటే లిఖితపూర్వకంగా అడగండి.